పెళ్ళి క్యాసెట్టు, కోడెక్కు, కమిశెట్టి రామమోహనరావు గారు

"ఈ ఫైలు ఫార్మాటును ఈ ప్రోగ్రాము సపోర్టు చెయ్యదు" అన్న ముక్క చూడని వాళ్ళుంటే చెయ్యెత్తండి. ఎవరూ ఎత్తరని నాకు తెలుసు. పెళ్ళి వీడియోలో తలంబ్రాల ముక్క ఒక్కటి కత్తిరించి తమ్ముడికి పంపుదామనుకుంటాం. అదే ఫైలు ప్లేయర్లో చక్కగా ఆడుతుంది, ఎడిటింగు సాఫ్టువేరులోకి లాగితే మాత్రం ముఖం తిప్పేసుకుంటుంది. ఒక్కోసారి బొమ్మ వస్తుంది, మాట రాదు. ఇంకోసారి రెండూ వస్తాయిగానీ పురోహితుడి పెదాలు ఆగిపోయిన రెండు సెకన్లకి మంత్రం వినిపిస్తుంది.

నేను సాఫ్టువేరు ఇంజినీర్ని. నా ఉద్యోగానికీ వీడియోలకీ ఏ సంబంధమూ లేదు. అయినా చుట్టాల దృష్టిలో సాఫ్టువేరు అంటే అన్నీ వచ్చినట్టే కాబట్టి, ఎవరింట్లో ఏ ఫైలు మొరాయించినా "ఒరేయ్, నువ్వు సాఫ్టువేరే కదరా, ఇది తెరువు" అంటూ మదీనాగూడలోని మా ఫ్లాటుకే హార్డు డిస్కులు వస్తుంటాయి. అలా తెరవగా తెరవగా దీని చరిత్రేమిటో తెలుసుకోవాలనిపించింది. తెలుసుకున్నాక అర్థమైంది ఒక్కటే. ఈ ఫార్మాట్ల గొడవకి లెక్కలు రాకపోవడం కారణం కాదు. లెక్క యాభై ఏళ్ళ క్రితమే కుదిరింది, దాదాపు అందరూ వాడేది ఆ ఒక్క లెక్కే. గొడవంతా ఆ లెక్క మీద పెట్టిన మూతలది, ఆ మూతలకి వసూలు చేసే డబ్బుది.

ముందు క్యాసెట్ల కాలం. వీ.హెచ్.ఎస్. ని జపాన్ వాళ్ళ జేవీసీ 1976లో తెచ్చింది. అంతకు ఏడాది ముందే సోనీ బీటామ్యాక్స్ తెచ్చింది. రెండూ అర అంగుళం టేపులే, కానీ ఒకదాని క్యాసెట్టు రెండోదాంట్లో దూరదు. మన దేశంలో 1982 ఏషియాడ్‌తో రంగుల టీవీ వచ్చాక వీసీఆర్ల జోరు మొదలైంది. కొద్ది ఏళ్ళకే పెళ్ళంటే ఫొటోలతో పాటు వీడియో కూడా ఉండాల్సిందే అన్న స్థితి వచ్చింది. అప్పట్లో ఎడిటింగుని మనవాళ్ళు "మిక్సింగు" అనేవాళ్ళు. ఒక వీసీఆర్లో టేపు ఆడిస్తూ, రెండో వీసీఆర్లో కావలసిన చోట రికార్డు నొక్కడం, మధ్యలో సినిమా పాట కలపడం, వధూవరుల మొహాల చుట్టూ హృదయాకారం తిప్పడం. కాపీకి కాపీ తీసేకొద్దీ బొమ్మ వెలిసిపోయేది. కానీ "ఫార్మాటు సపోర్టు చెయ్యదు" అన్న మాట మిక్సింగు షాపులో వినపడేది కాదు. వైర్లు కలిస్తే చాలు, సిగ్నలు నడిచేది.

ఆ మాట మొదట విన్నది అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళనుకుంటాను. ఇక్కడి టీవీ పద్ధతి పాల్: 625 గీతలు, సెకనుకి 25 బొమ్మలు. అక్కడిది ఎన్‌టీఎస్‌సీ: 525 గీతలు, సెకనుకి దాదాపు 30 బొమ్మలు. చెల్లెలి పెళ్ళికి సెలవు దొరక్క రాలేకపోయిన అన్నకి క్యాసెట్టు పోస్టులో పంపితే, అది అక్కడి వీసీఆర్లో దూరుతుంది, తిరుగుతుంది, బొమ్మ మాత్రం నిలబడదు. రెండు పద్ధతులూ ఆడే వీసీఆరు కొనాలి, లేదా కన్వర్షన్ చేసే వాళ్ళకి డబ్బిచ్చి ఇంకో క్యాసెట్టు చేయించుకోవాలి. క్యాసెట్టు పెట్టె రెండు చోట్లా ఒకటే, లోపలి రాత వేరు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కంప్యూటర్లలోనూ సరిగ్గా ఇదే జరిగింది.

ఇక ఆ లెక్క దగ్గరికి వద్దాం. 1974 జనవరిలో ఐ.ఇ.ఇ.ఇ. వారి కంప్యూటర్ల పత్రికలో నాలుగు పేజీల వ్యాసం ఒకటి వచ్చింది. రాసినవాళ్ళు ముగ్గురు: నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు. అహ్మద్ బెంగుళూరువాడు, కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో ప్రొఫెసరు. నటరాజన్ ఆయన దగ్గర పరిశోధన చేసిన విద్యార్థి. కె.ఆర్. రావు అంటే కమిశెట్టి రామమోహనరావు గారు. ఇంటిపేరు చూడగానే మనకి వేరే చెప్పక్కర్లేదు కదా! గిండీ ఇంజినీరింగు కాలేజీలో చదివి, అమెరికా వెళ్ళి, 1966 నుంచీ ఆర్లింగ్టన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. 2021లో పోయారు. వాళ్ళు కనిపెట్టినదాని పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫాం, పొట్టిగా డీసీటీ. దీని మీద పని చెయ్యడానికి 1972లో అహ్మద్ అమెరికా ప్రభుత్వ సైన్సు ఫౌండేషనుని నిధులడిగితే, మరీ సులువైన ఆలోచనలా ఉందని ఇవ్వలేదట.

అది చేసే పని ఇదీ. బొమ్మని ఎనిమిదీ ఎనిమిది చుక్కల చిన్న చిన్న గళ్ళుగా కొయ్యండి. ఒక్కో గడిలో 64 చుక్కలు. ఆ 64 అంకెల్ని డీసీటీలో వేస్తే మళ్ళీ 64 అంకెలే వస్తాయి. కానీ ఈసారి ముఖ్యమైన సంగతంతా మొదటి నాలుగైదు అంకెల్లో పోగుపడుతుంది. మిగిలినవి కంటికి ఆనని సన్నని వివరాలు, వాటిని కుదించెయ్యొచ్చు లేదా పారెయ్యొచ్చు. పట్టుచీర అంచు కాస్త మసకబారుతుంది, ఫైలు పదో వంతుకి తగ్గుతుంది. 1992 నాటి జేపెగ్ ఫొటో, 1993 నాటి ఎంపెగ్-1, డీవీడీలోని ఎంపెగ్-2, డిజిటల్ క్యామెరాల డీవీ, 2003 నాటి హెచ్.264, 2013 నాటి హెచ్.265, అన్నింటి లోపలా ఇదే లెక్క, కొద్ది మార్పులతో. మీ అమ్మానాన్నల పెళ్ళి వీసీడీ నుంచి నిన్న వాట్సాప్‌లో వచ్చిన వీడియో దాకా అన్నీ రావుగారి ఇంటి సరుకే అన్నమాట.

మరి సరుకొకటే అయితే ఒకరి డబ్బా ఇంకొకరి ఇంట్లో ఎందుకు తెరుచుకోదు? ఇక్కడ రెండు మాటలు విడదీసి చూడాలి. కోడెక్ అంటే బొమ్మని కుదించి రాసే పద్ధతి. కంటైనర్ అంటే ఆ రాతనీ, శబ్దాన్నీ కలిపి పెట్టే డబ్బా. ఏవీఐ, మోవ్, ఎంపీ4 ఇవన్నీ డబ్బాల పేర్లు. జాడీని చూసి లోపలున్నది ఆవకాయో మాగాయో చెప్పలేం కదా, ఇదీ అంతే. ఏవీఐ జాడీ మీద లోపల నాలుగక్షరాల చీటీ ఒకటి అంటించి ఉంటుంది, ఇందులో ఫలానా కోడెక్ ఉందని. మీ కంప్యూటరులో ఆ చీటీని చదివి విప్పగలిగే ముక్క లేకపోతే, డబ్బా తెరుచుకున్నా పచ్చడి దక్కదు. అందుకే "నిన్నటి ఏవీఐ ఆడింది, ఇవాళ్టి ఏవీఐ ఎందుకాడదు" అన్న ప్రశ్నకి జవాబు ఫైలు పేరులో దొరకదు.

తెలుగువాళ్ళకి ఈ జబ్బు కొత్తదేమీ కాదు. యూనికోడ్ రాకముందు ఒక్కో పత్రిక వెబ్‌సైటుకి ఒక్కో ఫాంటుండేది. ఈనాడుది ఒకటి, వార్తది ఇంకోటి. అ, ఆ, ఇ, ఈ లు అందరివీ ఒకటే, వాటికిచ్చిన అంకెలే వేరు. ఫాంటు లేకపోతే తెలుగు కాస్తా పిచ్చిగీతలయ్యేది. "పద్మ" లాంటి పనిముట్లు ఆ ఫాంట్లన్నింటినీ యూనికోడ్లోకి మార్చాకే ఆ రాతలు అందరికీ చదవడానికొచ్చాయి. భాష పాడవలేదు, మూతలు మాత్రం ఎక్కువయ్యాయి.

మొదటి మూతలు మైక్రోసాఫ్ట్, యాపిల్ వాళ్ళవి. యాపిల్ 1991 డిసెంబరులో క్విక్‌టైం తెచ్చింది, దాని డబ్బా మోవ్. మైక్రోసాఫ్ట్ 1992 నవంబరులో వీడియో ఫర్ విండోస్ తెచ్చింది, దాని డబ్బా ఏవీఐ. 1993లో వీసీడీ ప్రమాణం వచ్చింది. మామూలు సీడీలో 74 నిముషాల ఎంపెగ్-1, మన పాల్ లెక్కలో 352 బై 288 చుక్కలు. మన ఊళ్ళలో క్యాసెట్టుని చంపింది ఈ వీసీడీయే. పెళ్ళి మూడు గంటలుంటే పార్ట్-1, పార్ట్-2, పార్ట్-3 అని డబ్బా మీద స్కెచ్ పెన్నుతో రాసి ఇచ్చేవాళ్ళు. డిస్కు తెరిస్తే ఏవీసెక్01.డాట్ అన్న ఫైలు కనపడేది. దాన్ని హార్డు డిస్కులోకి కాపీ చేసి, పేరు చివర డాట్ తీసేసి ఎంపీజీ అని పెడితే కొన్ని సాఫ్టువేర్లలో తెరుచుకునేది, కొన్నింటిలో లేదు. ఎందుకంటే అది నికార్సైన ఎంపెగ్ కాదు, దాని పైన వీసీడీ వాళ్ళ పొర ఇంకోటుంది. పేరు మార్చినంత మాత్రాన పొర ఊడదు.

తెరుచుకున్నా ఇంకో చిక్కు. ఎంపెగ్ ప్రతి బొమ్మనీ పూర్తిగా రాయదు. ఒక బొమ్మ పూర్తిగా రాసి, తర్వాతి పది పదిహేను బొమ్మలకి "ముందుదానికీ దీనికీ తేడా ఇంత" అని మాత్రం రాస్తుంది. ఇది నిల్వ రాయకుండా జమాఖర్చులు మాత్రం రాసిన చిట్టా లాంటిది. మొదటినుంచి చదువుకుంటూ పోతే ఇబ్బంది లేదు, మధ్యలో పేజీ చింపితే మాత్రం నిల్వెంతో ఎవడికీ తెలీదు. చూడటానికి చేసిన ఫార్మాటులో కత్తిరించడం ఎందుకు కష్టమో ఇప్పుడు తెలిసిందిగా. ప్లేయరుకి ముందుకు నడవడం వస్తే చాలు. ఎడిటరు ఎక్కడ కావాలంటే అక్కడ ఆగాలి, వెనక్కెళ్ళాలి, అక్కడి బొమ్మని మళ్ళీ కట్టాలి. "ప్లేయర్లో ఆడుతోంది కదా" అని మనం అడిగేది న్యాయమైన ప్రశ్నే, కానీ ఆ రెండు పనులూ వేరు.

ఎడిటింగు కోసమే పుట్టిన ఫార్మాటు ఒకటుంది, అదే 1995లో వచ్చిన డీవీ. అందులో ప్రతి బొమ్మా పూర్తి బొమ్మే, ఎక్కడ కోసినా ఇబ్బంది లేదు. ఫైర్‌వైర్ తీగ తగిలిస్తే క్యామెరా నుంచి కంప్యూటరుకి చుక్క నష్టం లేకుండా దిగేది. యాపిల్ 1999లో ఐమూవీని దీని మీదే కట్టింది. చిక్కల్లా బరువు: గంటకి సుమారు 13 జీబీ. 40 జీబీ హార్డు డిస్కున్న రోజుల్లో మూడు క్యాసెట్లు దించితే ఇల్లు నిండిపోయేది. ఫ్యాట్32 డ్రైవులో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు కాబట్టి ఇరవై నిముషాల లోపే ముక్కలు చెయ్యాలి. ఇంత మంచి ఫార్మాటుకీ ఏవీఐ డబ్బాలో టైపు-1, టైపు-2 అని రెండు పెట్టుబళ్ళు పెట్టారు. కొన్ని సాఫ్టువేర్లు మొదటిదాన్ని అసలు ముట్టేవి కావు.

ఇక మన ఇళ్ళల్లో రాజ్యమేలింది విండోస్ మూవీ మేకర్. 2000లో విండోస్ ఎంఈతో వచ్చింది, 2001లో ఎక్స్‌పీతో ఇంటింటికీ చేరింది. ఊరికే వచ్చింది, సులువుగా ఉండేది, ఎంతోమందికి మొదటి ఎడిటింగు పాఠం అదే. కానీ అది తీసుకునేవి ఏవీఐ, ఎంపెగ్-1, తన ఇంటి డబ్ల్యూఎంవీ లాంటివి. మోవ్ తీసుకోదు, అది యాపిల్ వాళ్ళది. డీవీడీలోని వీఓబీ తీసుకోదు. నోకియా ఫోన్ల 3జీపీ తీసుకోదు. పని సేవ్ చేస్తే వచ్చే ప్రాజెక్టు ఫైల్లో వీడియో ఉండదు, ఫలానా ఫోల్డర్లో ఫలానా ముక్క అన్న చిరునామా మాత్రమే ఉంటుంది. ఫోల్డరు మారిందంటే ఎర్ర ఇంటూ గుర్తులే.

వీఓబీ ఎందుకు తీసుకోదన్న దాంట్లోనే అసలు కథంతా ఉంది. ఎక్స్‌పీలో ఎంపెగ్-2 విప్పే ముక్క పెట్టలేదు. ఆ పేటెంట్లు చాలా కంపెనీల చేతుల్లో ఉండేవి, వాటన్నిటినీ ఒకే కౌంటరు దగ్గర పెట్టి ఎంపెగ్ ఎల్ఏ అనే సంస్థ లైసెన్సులమ్మేది. 2002 నుంచి ఒక్కో డీకోడరుకి రెండున్నర డాలర్లు. అమ్మే ప్రతి కంప్యూటరు మీదా అంత కట్టడం దేనికని మైక్రోసాఫ్ట్ అనుకుంది. తర్వాత విస్టా, విండోస్ 7ల ఖరీదైన రకాల్లో పెట్టింది, 2012లో విండోస్ 8 నుంచి మళ్ళీ తీసేసింది. ఒక పెళ్ళి డీవీడీ ఒకే ఇంట్లో ఒక కంప్యూటర్లో ఆడి ఇంకోదాంట్లో ఆడకపోవడం వెనకున్నది ఈ రెండున్నర డాలర్లు.

పేటెంట్లు తప్పని నేననను. పరిశోధనకి డబ్బు కావాలి, పైగా ఒకే కౌంటరు లేకపోతే కంపెనీలన్నీ విడివిడిగా కోర్టుల్లో కొట్టుకునేవి. నా బాధల్లా ఒకటే. లైసెన్సు గొడవని లైసెన్సు గొడవగా చెప్పకుండా "మీ ఫైలు సరిగ్గా లేదు" అన్నట్టు చెప్పడం. మన పిన్నులూ బాబాయిలూ తమకే చేతకాలేదనుకుని వీడియోల జోలికి పోవడం మానేశారు.

ఈ మూతలు పగలగొట్టినవాళ్ళూ ఉన్నారు. మైక్రోసాఫ్ట్ తన ఎంపెగ్-4 కోడెక్‌ని తన ఏఎస్ఎఫ్ డబ్బాలోనే వాడాలని కట్టడి పెడితే, 1990ల చివర్లో జెరోం రోటా అనే ఫ్రెంచి కుర్రాడు దాన్ని విప్పి ఏవీఐలోకి తెచ్చాడు. డివ్‌ఎక్స్ పుట్టింది అలాగే. 2000లో ఫాబ్రీస్ బెల్లార్డ్ ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ మొదలుపెట్టాడు. పారిస్ విద్యార్థుల వీఎల్‌సీ 2001లో ఉచిత సాఫ్టువేరుగా బయటికొచ్చింది. ఇవాళ ఏ పాత ఫైలైనా తెరుచుకుంటోందంటే ఎక్కువసార్లు ఆ పుణ్యం ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌దే.

మా ఇంటి లెక్క చెప్తాను. అమ్మానాన్నల పెళ్ళి 1994, వీ.హెచ్.ఎస్. నా చిన్నప్పటి పుట్టినరోజులు వీసీడీలు. బాబాయి పెళ్ళి 2007, డీవీలో తీసి డీవీడీలో ఇచ్చారు. అక్క పెళ్ళి 2014, అప్పటికి క్యామెరాలు 2006లో సోనీ, ప్యానాసోనిక్ తెచ్చిన ఏవీసీహెచ్‌డీకి మారాయి, డిస్కు నిండా ఎంటీఎస్ ఫైళ్ళు. పోయినేడు గృహప్రవేశం ఫోన్లో, హెచ్.265. ఒకే కుటుంబం, ముప్ఫై ఏళ్ళు, అయిదు ఫార్మాట్లు. మా తాతగారిని నేను చూడలేదు. ఆయన కదిలే బొమ్మ ప్రపంచం మొత్తం మీద ఒక్క 1994 క్యాసెట్లోనే ఉంది. పందిట్లో అటూ ఇటూ తిరుగుతూ "విస్తళ్ళు వేసేశారా?" అని వంటవాళ్ళని కేకేస్తారు. అంతే, నాలుగు సెకన్లు. ఆ గొంతు విన్నప్పుడల్లా నాన్న మొహం ఇంకోలా ఉంటుంది.

ఆ క్యాసెట్టుని డిజిటల్ చెయ్యమని ఒక స్టూడియోకిచ్చాం. తిరిగొచ్చిన ఏవీఐ ఏ ఇంటి కంప్యూటర్లోనూ ఆడలేదు. చీటీ చూస్తే కనోపస్ హెచ్‌క్యూ అని ఉంది. మన దగ్గర పెళ్ళి వీడియోలు చేసేవాళ్ళు ఎక్కువగా వాడే ఎడియస్ సాఫ్టువేరు కోడెక్ అది. పని కోసం మంచి కోడెక్కే, కానీ ఇంటికి పంపాల్సింది కాదు. స్టూడియో వాళ్ళు "మా దగ్గర ఆడుతోంది సార్" అన్నారు. చివరికి ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ దాన్ని విప్పింది, తాతగారు మళ్ళీ విస్తళ్ళ గురించి అడిగారు.

కథ అయిపోలేదు. 2017లో ఐఫోన్లు హెచ్.265కి మారాయి, దాన్ని విప్పే ముక్కని విండోస్ 10 స్టోర్లో తర్వాత 99 సెంట్లకి అమ్మారు. పాత రెండున్నర డాలర్ల కథే, కొత్త వేషంలో. ఫోన్లు సెకనుకిన్ని బొమ్మలని ఖచ్చితంగా తియ్యవు, వెలుతురుని బట్టి హెచ్చుతగ్గులుంటాయి. ఎడిటరేమో సమానంగా ఉంటాయనుకుని లెక్కేస్తుంది, అందుకే మంత్రం ఒకచోట, పెదాలు ఒకచోట. ఇంకోపక్క 2016లో క్విక్‌టైం విండోస్ మీద ఆగిపోయింది. అదే ఏడాది జులైలో ఫునాయ్ వీసీఆర్ల తయారీ ఆపేసింది, చివరిదాకా చేసినవాళ్ళు వాళ్ళే. 2017 జనవరి 10న మూవీ మేకర్ డౌన్‌లోడు కూడా తీసేశారు. ఎంపెగ్-2 పేటెంట్లేమో అమెరికాలో 2018 ఫిబ్రవరితో గడువు తీరిపోయాయి. రాయల్టీ లేని ఏవీ1 అదే ఏడాది వచ్చింది. దాని లోపలా డీసీటీ ఉంది లెండి.

ఇంత చదివాక నాకు తోచిన పద్ధతి ఇది. క్యాసెట్లుంటే వెంటనే మార్పించండి, ఎందుకంటే ఫైలు విప్పే సాఫ్టువేరుని ఎవరైనా మళ్ళీ రాయగలరు, వీసీఆరు తలని ఇంట్లో తయారుచెయ్యలేరు. స్టూడియో వాళ్ళని హెచ్.264తో ఎంపీ4 ఇమ్మని ముందే చెప్పండి, వాళ్ళ పని ఫైలు కూడా అడిగి తీసుకోండి. మార్చిన ప్రతిసారీ కాస్త బొమ్మ పోతుంది కాబట్టి అసలు ఫైలుని చెరపకండి. ఎంటీఎస్ లాంటి వాటిలో లోపలి బొమ్మని ముట్టుకోకుండా డబ్బా మాత్రం మార్చొచ్చు, అరగంట వీడియోకి అర నిముషం పని. ప్రాజెక్టు ఫైల్ని నమ్ముకోకండి, పూర్తయిన వీడియోని బయటికి తీసి పెట్టుకోండి. ఫోన్లో తీసినదైతే ఎడిటింగుకి ముందే బొమ్మల వేగాన్ని సమానం చేసుకోండి. డబ్బా మార్చడానికి ఎఫ్ఎఫ్‌ఎంపెగ్, బొమ్మల వేగం సమానం చెయ్యడానికి హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత సాఫ్టువేర్లున్నాయి, ఇంటికొక పిల్లాడికి నేర్పిస్తే సరిపోతుంది. ఆ పిల్లాడికి కమిశెట్టి రామమోహనరావు గారి పేరు కూడా చెప్పండి.